ద్వాదశి నాటి పరుగు

మడిచీరను కర్రతో ఎత్తి దండెం మీద ఆరేస్తుంటే, నడవాలో మామగారు పంచాంగం చూసి చెప్పారు. "రేపు ద్వాదశి ఆరున్నరకే అయిపోతాది. ఆ లోపల పారణ కావల్ల."

కర్ర నా చేతిలోనే ఆగిపోయింది. రేపు ఆదివారం. తెల్లవారి ఐదున్నరకు ఆదోనిలో పరుగు మొదలు, ఎమ్మిగనూరు రోడ్డు మీద ఇరవై ఒక్క కిలోమీటర్లు. పన్నెండేళ్ళుగా ఈ ఇంట్లో ఏకాదశులు గుర్తుపెట్టుకునేది నేనే. చాతుర్మాస్యంలో ఏ నెల ఏ వస్తువు తినకూడదో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలాంటిదాన్ని, పరుగుకు పేరిచ్చేటప్పుడు, నేను పాఠాలు చెప్పే బడికి ఆ రోజు సెలవేనా అని చూశాను గానీ తిథి చూడలేదు. తిథుల లెక్కతో బతికే మా ఇళ్ళ కోడలు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు ఇది.

ఇవాళ ఏకాదశి. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. రేపు సూర్యుడు రాకముందు ఎవరూ తినకూడదు, ఆరున్నర దాటకూడదు. చీకటితోనే లేచి మడికట్టుకుని వండడం, ఆ అరగంటలో అందరికీ వడ్డించడం, ఆఖర్న నేను తినడం. ఉపవాసం విడిచే పారణ అంటే అదీ. మూడింటికే లేచి వండిపెట్టి వెళతానన్నాను. మరి వడ్డించేదెవరని అడిగారు అత్తగారు భీమాబాయి.

ఆవిడ కూతురు సుప్రీత కోసమే ఈ పరుగు. నా సరదా కూడా, అబద్ధమెందుకు. మునిసిపల్ గ్రౌండులో చుడీదారు మీద చున్నీ బిగించి పరిగెత్తే ఆ గంటా నన్నెవరూ పిలవరు. కానీ మొదలుపెట్టింది సుప్రీత కోసమే. పుట్టినప్పటి నుంచి తనకు కాళ్ళు నిలవవు, మాట సాగుతుంది. ముప్పై ఏళ్ళ మనిషి, లోపలి గదిలో కిటికీ పక్కన మంచం. బంధువులొస్తే ఆ తలుపు మూస్తారు. స్నానం, అన్నం, జడ, అన్నీ నా చేతుల మీదే. ఎమ్మిగనూరులో వికలాంగుల కేంద్రం ఉంది, కంప్యూటరు నేర్పుతారు. చక్రాల కుర్చీ ఎక్కే వ్యాను కొంటే ఆదోని దాకా వచ్చి తీసుకుపోతామన్నారు. ఆ వ్యాను కోసమే ఈ పరుగు. మా బడిలో టీచర్లూ పిల్లల తల్లిదండ్రులూ నా పేరు మీద చందా ఇస్తామన్నారు, చివరి దాకా పరిగెత్తితేనే.

ఛాతీకి కట్టుకునే నంబరు కాగితం మీద ఎవరి కోసమో రాయమన్నారు. మా ఆడపడుచు సుప్రీత కోసమని రాశాను. అది చూసినప్పటి నుంచి ఇంట్లో గొంతులు మారాయి. ఇంటి గుట్టు రొమ్మున కట్టుకుని ఊరంతా తిరుగుతావా అని మామగారు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని అత్తగారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు అని నా భర్త సుధీంద్ర. ఆయన పెళ్ళిళ్ళకు వంట చేస్తారు. రెండు వందల మందికి మడితో బిసిబేళె బాత్ వండి, శాలువా కప్పించుకుని వస్తారు. ఇంట్లో పొయ్యి ఎటు తిప్పితే వెలుగుతుందో ఆయనకు తెలియదు.

సాయంత్రానికి తల దిమ్మెక్కింది. ఇలా ఎండిన నోటితో పరిగెడితే సగం దారి కూడా దాటలేను. మానేస్తాననడం ఎంత తేలిక. అందరూ మంచివాళ్ళైపోతారు, నేను కూడా. నాకు ఏడుపొచ్చింది, దానికి కూడా ఒంట్లో నీళ్ళు లేవు.

సుప్రీతకు ఉపవాసం లేదు. మాత్ర వేసి గ్లాసు నోటికందిస్తే పెదాలు బిగించింది. వంకరపోయిన చేత్తో గ్లాసును నా వైపే నెట్టింది. సగం నీళ్ళు నా చీర మీద పడ్డాయి.

"నువ్... తాగు... వదినా."

ఏకాదశి అన్నాను. "నాకు... తెలుసు," అంది, కళ్ళార్పకుండా.

తాగాను. గొంతులోంచి కడుపు దాకా ఆ నీళ్ళు ఎక్కడెక్కడ దిగుతున్నాయో తెలిసింది. ఖాళీ గ్లాసుతోనే నడవాలోకి వచ్చాను. అత్తగారు ముందు గ్లాసును చూశారు, తర్వాత తడిసిన నా మూతిని.

"నేను నీళ్ళు తాగినాను," అన్నాను సుధీంద్రతో. "నాకింక పారణ లేదు, పరుగుకు పోతాను. రేపు పారణకు మీరే వండి వడ్డించండి. ముగ్గురే కదా."

"నీకేమన్నా పిచ్చా? ఆడదానివి..." అంటూ ఆయన లేచారు.

లోపలి గదిలోంచి సుప్రీత ఏదో అరిచింది. తను మాట్లాడినప్పుడల్లా నా వైపు తిరిగి, ఏమంటాంది అని అడగడం ఈ ఇంట్లో అలవాటు. ఈసారి ఎవరూ అడగలేదు. అందరికీ అర్థమైంది.

"ఇంకో... గ్లాసు."

కూజా వంచి రెండో గ్లాసు నడవాలోనే, అందరి ముందు తాగాను.