మడతకు పోయే రేకు

హొన్నూరప్ప ఎడమచేత్తో కళ్లజోడు పైకి నెట్టుకుంటూ, కుడిచేతి చూపుడువేలితో ఒక్కొక్క అంకె వెతికి నొక్కుతున్నాడు. తెర మీద సిరుగుప్ప రైస్‌మిల్లుకు చేయాల్సిన హాపర్, వడ్లు పోసే రేకు గరాటు, మెల్లగా తిరుగుతోంది. పైన చతురస్రం, కింద గుండ్రం. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఒక్క బటన్ నొక్కితే ఆ వంపులన్నీ విప్పిన పొట్లంలా చదునుగా పరుచుకుంటాయి.

ముప్పై ఏళ్లు రేకు మీద సుద్దముక్కతో గీతలు గీసిన చేతులవి. మడతలో కొంత రేకు పోతుందని ప్రతి కొలతకూ కాస్త కలిపేవాడు. ఆ లెక్క ఇప్పుడు సాఫ్ట్‌వేరే వేసుకుంటుంది. తెలిసీ కలిపాడు. అంచులు కలవక రెండు రేకులు తుక్కులోకి పోయాయి. మూడోదీ పోతే సోమవారం నుంచి గేటు దగ్గర కాపలా కూర్చోమని యజమాని కేశవ మెత్తగానే చెప్పాడు. ఆ మెత్తదనమే గుచ్చుకుంది.

ఇంట్లోనూ అంతే. భార్య దేవక్క పోయి ఏడాది దాటినా, బియ్యం పోసేటప్పుడు చెయ్యి ఆమె వంతు పిడికెడు కూడా వేస్తూనే ఉంది. ఆ మిగులు అన్నం డబ్బాలో అతను పనిచేసే రేకుల షెడ్డుకు వచ్చేది. అతనికి కంప్యూటర్ నేర్పే సౌందర్య ఏమీ అడగకుండా తినేది.

"మళ్లా కలిపినావు మామా."

"నేను యాడ కలిపినా పాపా? ఈ వేలు కలిపిండేది."

"ఆ వేలికి చెప్పు, కంప్యూటరు కూడా బడికి పోయిండాదని."

నవ్వి, అంకె చెరిపాడు. ఉన్న కొలత ఉన్నట్టే కొట్టాడు. వేలు మళ్లీ లేచింది.

"చాలు మామా. ఇంగ ముట్టుకోవద్దు."

ఆ చేతిని ఒళ్లోకి తీసుకుని రెండో చేత్తో పట్టుకున్నాడు. ఎవరికో పెట్టకుండా తానొక్కడే తింటున్నట్టు అనిపించింది.

సాయంత్రం రేకు మడిచారు. చివరి అంచు వచ్చి మొదటి అంచును తాకి ఆగింది. సందులో గోరు దూరలేదు. కేశవ చూసి, సోమవారం ఇంకో హాపర్ ఉందన్నాడు. గేటు మాట ఎత్తలేదు. హొన్నూరప్ప ఆ అంచును నిమురుతూ చాలాసేపు నిలబడ్డాడు.

"ఏంది మామా, ఏడుస్తాండావా?"

"దేవక్క లేదు పాపా," అన్నాడు, ఆ కబురు అప్పుడే అందినవాడిలా.

ఆదివారం మధ్యాహ్నం తిని పడుకున్న మనిషి లేవలేదు. గిన్నెలో ఒక్క మెతుకూ మిగల్లేదని పక్కింటివాళ్లు చెప్పారు.

సోమవారం సౌందర్య కంప్యూటర్ ముందున్న కుర్చీని వెనక్కి లాగింది. మెత్తగా ఉంటుందని అతను నాలుగు మడతలేసి పరుచుకున్న తువ్వాలు, మధ్యలో పల్లంపడి, అలాగే ఉంది.