పేర్రాజుగారి తుమ్ము

ఆషాఢమాసపు తొలినాళ్ల నొకానొక ప్రభాతమున వేసవి యంతయు బీటలువాఱి పడియున్న కాలువకు నూతనముగా వదలిన గోదావరీజలము ఎఱ్ఱమట్టితో గలిసి నురుగులు గ్రక్కుచు గట్టుల నొరసికొని ప్రవహించుచుండగా, రెల్లుదుబ్బులపై వ్రాలిన కొంగలు పడవవారి కేకలకు బెదరి లేచి మరల నచ్చటనే వ్రాలుచుండగా, నారుమళ్ల మీదుగా వీచు చల్లగాలి రాత్రి కురిసిన వాననీటిని యిండ్ల చూరులనుండి రాల్చుచుండగా, కాలువయొడ్డున నున్న యొక పెంకుటింటి యరుగుపై పేర్రాజుగారు కూర్చుండి యుత్తరీయపు కొంగున నేదియో దాచుకొని మాటిమాటికి తడవి చూచుకొనుచుండిరి.

పేర్రాజుగారు కళాశాలలో చదివినవారు, మృదుస్వభావులు. భార్య విషజ్వరమున గతించునప్పటికి కూతురు మాణిక్యాంబ యింకను పాకుచుండెను. నాటినుండి యాయన నూతిచుట్టు ఎత్తుగోడ పెట్టించి, పొయ్యికి దడి కట్టించి, గడపల యంచులను సైతము గుండ్రముగా చెక్కించి, బిడ్డను నొప్పింపగల వస్తువనునదే యా యింట లేకుండ జేసిరి. అట్లు పెరిగిన పిల్లకు కాకినాడలో నొక యుపాధ్యాయినీ శిక్షణ పాఠశాలయందు స్థానము లభించినది. ఆ సాయంకాలములోపల పోయి చేరనియెడల నది మఱియొకతెకు జెందును. ఉదయపు పడవ తప్పినచో నాడు మఱి పడవ లేదు. ఇదియంతయు నెఱిగియే యాయన కొంగున ముక్కుపొడుము పొట్లము దాచుకొనియుండిరి.

శకునములను నమ్మువారిని జూచి నవ్వుట యాయనకు యౌవనమునుండియు నలవాటు. ఆయన యక్కగారైన బంగారమ్మగారు మాత్రము వానిని మిక్కిలి నమ్మునది. విధవ యగుటచే మేనకోడలి ప్రయాణమున కెదురుపడరాదని తెల్లవాఱకమునుపే వంటింటి తలుపు చాటున జేరి, కనులార చూచు భాగ్యమును విడిచి, బిడ్డ యడుగుల చప్పుడునే చెవియొగ్గి వినుచుండెను.

మాణిక్యాంబ మూట చేతబట్టి గడప దాటబోవు నంతలో నరుగుపైనుండి గట్టిగా నొక తుమ్ము వినబడెను.

“ఆగవే అమ్మాయీ” యని తలుపు చాటునుండి బంగారమ్మగారు కేకవేసెను. “తుమ్మిన తరవాత గడప దాటకూడదు. కూచుని మంచినీళ్లు తాగు. పడవ పోతే పోయింది.”

గట్టుపైనుండి పడవ సరంగు పల్లయ్య పిలిచెను. “బాబుగారూ, ఆలీసమైతే కాలవ లాకు తలుపులేసేత్తారండి. తాడట్టి పడవ లాగేవోడొకడు జొరమొచ్చి రాలేదు. ఇంక నేనాగలేనండి.”

మాణిక్యాంబ మూట దించి తండ్రివంక జూచెను. ముఖము ప్రక్కకు ద్రిప్పి ఉత్తరీయమడ్డుపెట్టుకొని యొరులకు వినబడకుండ తుమ్ముట తండ్రి యలవాటని యామె యెఱుగును. ఆయన మీసమున పొడుము మరకయు నామెకు గనబడెను. ఆమె లోనికిబోయి వేడినీటి చెంబు దెచ్చి, పల్లయ్య చూపు సోకకమునుపే తన పైటకొంగుతో నా మరకను దుడిచివైచెను.

“వానగాలికి జలుబు చేసినట్టుంది నాన్నగారూ. వేణ్ణీళ్లు తాగండి.”

ఆ మాటలో వెక్కిరింత లేదు, కోపమును లేదు. నిందించినయెడల నాయన యేదో సమాధానము చెప్పియుండును. తన భవిష్యత్తును అడ్డగించినవాని మర్యాదను కాపాడుటకై యా పిల్ల యబద్ధమాడుట జూచి ఆయన తల నేలకు వంగిపోయెను. ఒకతె చూడకుండుటకై తలుపు చాటున దాగియుండెను. మఱియొకతె చూచియు దాచుచుండెను. దాచదగని పని చేసినవాడు తానొక్కడే.

“అక్కయ్యా” యని యాయన లోపలికి వినబడునట్లు పలికిరి. “అది తుమ్ము కాదు. పొడుం పీల్చాను. పిల్ల వెళ్లిపోతుందని.”



“నా శకునాలన్నీ చాదస్తమని ఇన్నేళ్లు నవ్వావు. ఇవాళ అంగడికి పోయి శకునం కొనుక్కొచ్చుకున్నావట్రా తమ్ముడూ?” యని బంగారమ్మగారి కంఠము వినబడెను. పిమ్మట నదియే కంఠము మెత్తబడెను. “లేవే అమ్మాయీ. కొనుక్కొచ్చిన తుమ్ముకి దోషం లేదు. నడు.”

పేర్రాజుగారు కూతురి ముఖము జూడజాలక ముందుగా గట్టెక్కి, పడవ లాగు కూలీల ప్రక్కన నేలబడియున్న త్రాడు కొనను భుజమున వేసికొనిరి.

“మీకెందుకండి బాబూ, భుజం ఒరిసిపోద్ది” యని పల్లయ్య వారింపబోయెను.

“ఆలస్యం నావల్ల అయింది. లాకు దాకా నేను లాగుతాను.”

గేదెలను గడుగుచున్నవారు పని మాని చూచిరి. వారిలో నొకడు “పంతులుగారు కూలికి కుదిరారే” యనెను. ఆయన వినియు దలవంచుకొని యడుగు ముందుకు వేసిరి. తడిమట్టి పాదములక్రింద జాఱుచుండగా పడవనుండి మాణిక్యాంబ పిలిచెను. “నాన్నగారూ, జారుతుంది. చూసి అడుగెయ్యండి.”

తాడు లాగువానికి పడవ యెల్లప్పుడును వెనుకనే యుండును. తిరిగిచూచినచో తాడు సడలును. కావున నాయన తిరిగి చూడలేదు. భుజమును గోయుచున్న యా బిగువునుబట్టియే కూతురు వచ్చుచున్నదని తెలిసికొనుచు, ఇంతకాలము గడప దాటనీయని బిడ్డను, తీఱని సిగ్గుతో, ఒక్కొక్క యడుగుగా, తానే దూరమునకు గొనిపోవుచుండిరి.