ఎముక పట్టని లోహం

అస్థిమాలను హారంగా, భస్మాన్ని చందనంగా స్వీకరించిన పరమేశ్వరా! కాఠిన్యానికీ కరుణకూ నడుమ గల సంధిని ఎరిగినవాడవు నీవే. నా పలుకు తడబడకుండ కాపాడు. నీకు మ్రొక్కి ఈ కథ చెబుతున్నాను.

నా కుడి తుంటిలోని టైటానియం కడ్డీ ఈ ఉదయం బయటికి వచ్చి, భోజనాల బల్ల ముందు కూర్చొని ఉన్నది. నా చర్మం మీద గాయం లేదు. ఒంటికాలిపై నిలిచి దానికి మంచినీళ్లు ఇస్తాను.

“సాయంత్రం బయల్దేరతానండి,” అంటుంది కడ్డీ. “మీ ఎముక నన్ను పలకరించదు. పక్కపక్కనే ఉంటాం, పరాయివాళ్లలా.”

“ఇంకొన్నాళ్లు ఉండరాదా?”

“పలకరించనివాళ్లింట్లో ఎన్నాళ్లుంటామండి? మీరే చెప్పండి.”

దాని గ్లాసులో మరికొన్ని నీళ్లు పోస్తాను. నా భార్య కామేశ్వరి పోయిన తరువాత ఈ ఇంట్లో నాతో మాట్లాడుతున్న తొలి గొంతు ఇది. అది వెళ్లితే నడకతో పాటు మాట కూడ పోతుంది.

అతిథికి మర్యాద చేయాలి. పూజ చెంబులను తోమినట్లే దానిని చింతపండుతో తోముతాను. మెరుపు వచ్చేకొద్దీ కడ్డీ ముఖం ముడుచుకొంటుంది.

వంటిల్లు వెనుకకు పొడవు పెరుగుతున్నది. దాని చివర ప్రయోగశాల ఉన్నది. కడ్డీని చంకన పెట్టుకొని, గోడ ఆసరాతో గెంతుతూ అక్కడికి చేరుతాను. లోహాలపై ఎముక వంటి పూతను పెంచే రసాయన శాస్త్రవేత్త సువర్చల ఉప్మా డబ్బా మూసి లేస్తుంది.

“అయ్యయ్యో, తోమేశారా మాస్టారూ! దేవుడి చెంబనుకున్నారా ఏంటి?”

“శుచి కోసమమ్మా.”

“మీ శుచి బంగారంగానూ! ఇంత నున్నగా ఉంటే ఎముకకి పట్టు దొరకద్దా? నూనె రాసిన స్తంభం మీరెక్కగలరా?”

“ఒంటికాలితోనా?” అంటుంది కడ్డీ.

సువర్చల దానిని వేడి క్షారంలో ముంచుతుంది. మెరుపు చచ్చి, కంటికి అందని గరుకు లేస్తుంది. పిమ్మట నెత్తుటిలో ఉండే లవణాలనే కలిపిన నీటిని గాజుపాత్రలో పోసి, కడ్డీని అందులో నిలుపుతుంది.

“దీనికి ఒంటి వేడి కావాలి. పొయ్యి వేడి ఒప్పుకోదు. ఇంట్లో ఎవరున్నారు?”

“నేనే.”

“చాలు. కావలించుకు కూర్చోండి. ఏం కనబడినా తుడవకండి. నామీదొట్టు.”

పాత్రను కౌగిలించుకొంటాను. గది కురచై మళ్లీ వంటిల్లు అవుతుంది. సువర్చల అందులో లేదు. నీటికి పద్యాలు వినిపిస్తూ కూర్చుంటాను.

సాయంత్రం కిటికీలో నుండి లోపలికి వచ్చి, బండివానివలె గోడకు ఆనుకొని నిలుస్తుంది. అది తొందరపెట్టదు.

అప్పుడు కడ్డీ మీద తెల్లని మరక కనిపిస్తుంది. ఏ పాత్ర మీద మరక చూసినా ఊరుకొనని నా కుడిచేయి ఉత్తరీయపు కొంగును అందుకొంటుంది. ఎడమచేయి దానిని పట్టి వెనుకకు తెస్తుంది. రెండు చేతుల వేళ్లనూ పాత్ర వెనుక ముడివేస్తాను. మరక మరొక మరకను పిలుస్తుంది. మంచు దిగినట్లు కడ్డీ అంతా తెల్లనవుతుంది.

“ఇప్పుడు చలి లేదండి,” అంటుంది. సాయంత్రం ఒంటరిగానే తిరిగిపోతుంది.

కడ్డీ నా తుంటిలోనికి నడుస్తుంది.

“ఎవరండీ?” అని ఎముక గొంతు.

“మీవాణ్ణే.”

“ఆ ముక్క ముందే చెప్పద్దూ! రండి, రండి.”

ఇక వారి మాటలు ఆగవు. వానను గురించి, ఇరుగుపొరుగు కండరాలను గురించి చెప్పుకొని నవ్వుకొంటున్నారు. నేను రెండు కాళ్లపై ఇల్లంతా నడుస్తాను.

“ఏమండీ,” అని పిలుస్తాను.

“కాస్త ఉండండి, మాట్లాడుకుంటున్నాం,” అంటుంది కడ్డీ, మర్యాదగానే.

తొడపై చెవి ఆనిస్తాను. చెవి లోపలికి దిగిపోతుంది. దాని వెంట నేను. ఎముక నడుమ ఎర్రని మజ్జ సరస్సై నిలిచి ఉన్నది. అందులో అప్పుడే పుట్టిన, గవ్వలంతేసి ఎర్రని పడవలు వరుసగా నా వద్దకు వచ్చి పేరు పెట్టమంటున్నాయి. ఒక్కొక్కదాని చెవిలో ఒక్కొక్క పేరు చెబుతాను. పేరు అందుకొన్న పడవ మ్రొక్కి, ప్రవాహంలోనికి సాగిపోతుంది. ఏదీ తిరిగి రాదు. నాకు తెలిసిన పేర్లన్నీ అయిపోయినవి. నాది ఒక్కటే మిగిలి ఉన్నది. ఎదుట ఒక పడవ చెవి ఒగ్గి ఆగి ఉన్నది.

ఈ కథ విన్నవారి కీళ్లు కలకాలం పట్టు విడువకుండుగాక. వారు పిలిచిన ప్రతిచోటా ఒక బదులు పలుకుగాక.