అబీదా బీ బాగోగులు

ఈరన్నను ఎడమ పక్కకు తిప్పడానికి అబీదా బీ ముందు తన మోకాలిని మంచం అంచుకు ఆనించింది. ఒక చెయ్యి అతని భుజం కిందికి, ఇంకో చెయ్యి తుంటి కిందికి పోనిచ్చి, ఊపిరి బిగబట్టి తనవైపు లాక్కుంది. కుడి పక్కంతా పక్షవాతంతో పడిపోయినా మనిషి ఎనభై కిలోలకు తగ్గలేదు. ఆమె నిండా యాభై కిలోలు లేదు. అయినా ఆ ఒళ్లు నెమ్మదిగా, చప్పుడు లేకుండా, ఆమె వైపు వాలింది.

దిండు ఒకటి అతని వీపు వెనక దోపి, ముడ్డిపూస దగ్గర చర్మాన్ని వేలితో నొక్కి చూసింది. తెల్లబడి మళ్లీ మామూలు రంగుకు వచ్చింది. ఆరేళ్లుగా పొద్దున ఆరింటికి ఆమె చేసే మొదటి పని ఇదే. ఆరేళ్లలో ఈరన్న ఒంటిమీద పుండు పడలేదు.

"పోదాం" అన్నాడు ఈరన్న.

అతనికి మిగిలిన మాట అదొక్కటే. ముప్పై ఏళ్లు ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లారీ తోలినవాడు. ఒకరోజు స్టీరింగు ముందు కూర్చుని క్లీనరుతో పోదాం అన్నాడట, ఆ తర్వాత ఇంకే మాటా రాలేదు. దప్పికైనా పోదాం, నొప్పైనా పోదాం, ఫ్యాను ఆపమన్నా పోదాం. గొంతు సాగేదాన్ని బట్టి, ఎడమ చేతి కదలికను బట్టి, ఏది దేనికో అబీదా బీకి తెలుసు. తక్కినవాళ్లు ప్రతిసారీ మూత్రం డబ్బా తెచ్చి పెట్టేవాళ్లు.

"నీళ్లు గదా, ఇస్తాండా ఉండు" అని ఆమె గ్లాసులో గొట్టం వేసి నోటికి అందించింది.

కర్నూలు నుంచి నందికొట్కూరు పోయే రోడ్డు మీద, మంచం పట్టినవాళ్లను చూసుకునే ఆ హోము ఒకప్పుడు పెళ్లిళ్ల ఫంక్షన్ హాలు. పైకప్పుకు పూలదండలు కట్టిన కొక్కేలు ఇంకా ఉన్నాయి. వాటి కింద ఇప్పుడు పదకొండు మంచాలు, మంచానికో మగమనిషి. పెళ్లికూతురి విడిది గదుల్లో ఆడవాళ్లు. రేకుల వరండా ఏప్రిల్ ఎండకు ఎనిమిదింటికే సెగలు కక్కుతుంది. పగటి పని నలుగురిది. అందులో ఒకరు మానేసి నెలైంది, ఇంకా ఎవరూ రాలేదు.

అబీదా బీకి యాభై నాలుగేళ్లు. ఆ హోములో ఎవరూ ఆమెకు పని నేర్పలేదు. అత్త తొమ్మిదేళ్లు మంచం పట్టింది. ఆమెను తిప్పి, తుడిచి, తినిపించి నేర్చుకున్న పనే ఇది. అత్త పోయిన రెండేళ్లకు భర్త రసూల్ సాహెబ్ పోయాడు. పరుపులు కుట్టే మనిషి, దూది దుమ్ము ఊపిరితిత్తులకు పట్టింది. అతన్నీ ఏడాది పాటు కూర్చోబెట్టి నిద్రపుచ్చింది. పిల్లలు లేరు. అంతా అయిపోయాక బుధవారపేటలోని గదిలో రెండు నెలలు ఊరికే కూర్చుంటే చేతులు ఏం చెయ్యాలో తెలియలేదు. అప్పుడే ఎవరో ఈ హోము సంగతి చెప్పారు.

పదింటికి సుప్రజ వచ్చింది. సుప్రజది కడప. ఒక వైద్య కళాశాల తరఫున, ఇట్లాంటి హోముల్లో పనిచేసేవాళ్ల ఆరోగ్యం మీద జరుగుతున్న పరిశోధనకు వివరాలు సేకరిస్తుంది. నెలకొకసారి వచ్చి, ఒక్కొక్కరినే పాత వంటసామాను గదిలో కూర్చోబెట్టి, బరువు తూచి, బీపీ చూసి, నాలుగు పేజీల ప్రశ్నలు అడుగుతుంది. ఇది నాలుగో నెల. మిగతావాళ్లు ఈ ప్రశ్నలకు విసుక్కుంటారు. అబీదా బీకి మాత్రం ఆ అరగంట ఇష్టం. ఆ గదిలో ఆమె కుర్చీలో కూర్చుంటుంది. ఎదుటి మనిషి ఆమె గురించి అడుగుతుంది.

"ఈ రెండు వారాల్లో నిద్ర పట్టకపోవడం ఉందా అబీదమ్మా?"

"బాగా పడతాది."

"దిగులుగా అనిపించడం?"

"దిగులెందుకు? బాగుండా."

"పనిలో మీ కష్టాన్ని ఎవరైనా గుర్తించారా?"

"ఈరన్న నగుతాడు" అంది.

సుప్రజ దాన్ని ఏ గడిలో పెట్టాలో తెలియక పక్కన ఖాళీలో రాసుకుంది. తర్వాతి ప్రశ్న చదివింది. "మీకు జబ్బు చేస్తే చూసుకోవడానికి ఎవరైనా ఉన్నారా?"

ఫ్యాను తిరుగుతోంది. అబీదా బీ తన అరచేతులు తిరగేసి చూసుకుంది. ఫినాయిలు నీళ్లకు వేళ్ల చివర్లు పొరలు లేచి ఉన్నాయి. ఎడమ బొటనవేలు, ఎప్పుడో ఒక ముసలాయన భయంతో పట్టుకుని మెలితిప్పితే విరిగి, వంకరగానే అతుక్కుంది.

"పోయిన నెల ఈ ప్రశ్న అడగల్యా నువ్వు."

"అడిగినానమ్మా. ఉన్నారు అని చెప్పినారు."

"అట్లనే రాసుకో మల్ల."

సుప్రజ తల ఎత్తి చూసింది. టిక్కు పెట్టి, బీపీ పట్టీ ఆమె చేతికి చుట్టింది. మిషను గుర్రుమని ఆగింది. సుప్రజ పట్టీ విప్పి మళ్లీ చుట్టింది. రెండో చేతికి మార్చి మూడోసారి చూసింది.

"అబీదమ్మా, తలనొప్పి ఉందా?"

"ఈ ఎండకు ఎవురికి ల్యా పాపా?"

"ఎన్ని దినాల నుంచి?"

"నాలుగు దినాలాయ. ఈ చెయ్యి గూడ పీకుతాండాది. ఈరన్నను ఎత్తి ఎత్తి."

"ఇది ఈరన్నను ఎత్తినందుకు కాదు. రెండు వందల పద్నాలుగు ఉండాది బీపీ. పోయిన నెలే చీటీ రాసిచ్చినా గదా, పెద్దాసుపత్రికి పొమ్మని?"

"ఆడ ఓపీ పొద్దున. నా డూటీ గూడ పొద్దున్నే. ఎట్ల పోయేది?"

సుప్రజ లేచి నిలబడింది. "ఇప్పుడే బయలుదేరండి. నేను మేనేజరు వెంకటేశ్వర్లు సార్‌తో మాట్లాడతా."

ఆ మాటకు అబీదా బీ కుర్చీలోంచి ముందుకు వంగి ఆమె మణికట్టు పట్టుకుంది. ఎనభై కిలోల మనిషిని తిప్పే పట్టు అది. సుప్రజ కదలలేకపోయింది.

"సార్‌కు సెప్పొద్దు పాపా. నీ కాళ్లు పట్టుకుంటా. ఈడ పనిచేసే సుబ్బలక్ష్మమ్మకు నడుము పట్టుకుంటే, ఇంటికాడ పండుకో, బాగైనాక పిలుస్తాం అన్న్యారు. రెండేండ్లాయ. యాడ పిలిచిన్యారు? ఇంట్లో ఒక్కతే గోడ సూసుకుంటా కూసోనుండాది."

"మీకేమన్నా అయితే?"

"ఏం కాదు. నా సంగతి ఎవురికీ సెప్పనని సంతకం పెట్టిచ్చుకున్యావు గదా? ఆ మాట నిలబెట్టుకో."

నిజమే. ఒప్పందం కాగితం మీద ఆ వాక్యం ఉంది. దాని కిందే ఇంకో వాక్యం ఉంది, ప్రాణాపాయం ఉన్నప్పుడు వెంటనే ఆసుపత్రికి పంపాలని. సుప్రజ బయటికి వెళ్లి, ఈ పరిశోధన నడిపే ప్రొఫెసరుకు ఫోన్ చేసింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. తిరిగి వచ్చేసరికి అబీదా బీ నిలబడి చీర కొంగు నడుముకు దోపుకుంటోంది.

"డ్యూటీ ఎన్నింటికి దిగుతారు?"

"మూడుకు."

"మూడుకు నేనే ఆటో తెస్తా. ఇద్దరం పోతాం. ఎమర్జెన్సీలో ఎప్పుడైనా చూస్తారు. అప్పటిదాకా బరువులు ఎత్తొద్దు. ఒట్టు పెట్టండి."

"సరేలే" అంది అబీదా బీ. నవ్వింది కూడా. తనను ఆసుపత్రికి తీసుకుపోతానని ఒకరు అనడం ఆమెకు గుర్తున్నంతలో అదే మొదలు.

వరండాలో మేనేజరు వెంకటేశ్వర్లు రెండు చేతులా నీళ్ల క్యాన్లు మోస్తూ ఎదురయ్యాడు. మోటారు కాలిపోయి రెండు రోజులైంది. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

"అబీదమ్మా, అరగంట నుంచి లోపల ఏం చేస్తాండావు? బొజ్జన్న గుడ్డలన్నీ పాడుచేసుకున్న్యాడు, ఆడ వాసనకు ఎవురూ నిలబడల్యాక పోతాండారు."

"పోతాండా సార్."

బొజ్జన్నను ఒక్కతే లేపింది. పన్నెండింటికి ముగ్గురికి అన్నం మెత్తగా పిసికి తినిపించింది. ఒంటిగంటకు తన వంతు అన్నం వద్దనుకుంది, కడుపులో తిప్పుతున్నట్టు ఉంది. గోడకు ఆనుకుని రెండు నిమిషాలు నిలబడింది. మొహం కడుక్కుంటే చెమట మళ్లీ అంతలోనే పట్టింది. అది చల్లటి చెమట. ఎండకు పట్టే చెమట కాదని వేరేవాళ్ల ఒంటిమీద అయితే ఆమె వెంటనే కనిపెట్టేది.

ఆడవాళ్ల గదుల్లో పనిచేసే శివజ్యోతి అటుగా పోతూ ఆగింది. "ఏమక్కా, అట్లుండావు?"

"ఏం ల్యా. ఎండ."

రెండున్నర దాటింది. గురువారం ఈరన్నకు గడ్డం గీసే రోజు. పొద్దుటి నుంచి అతను ఎడమ చేత్తో చెంప రుద్దుకుంటూనే ఉన్నాడు. మూడింటికి తను పోతే మళ్లీ రేపటి దాకా ఎవరూ గీయరు. అరగంట ఉంది కదా అనుకుని, స్టీలు గిన్నెలో నీళ్లు, సబ్బు, బ్రష్షు, రేజరు తెచ్చి స్టూలు మీద పెట్టింది. తను ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. నురగ రెండు చెంపలకూ పట్టించింది.

"ఊదు ఈరన్నా. టైరుకు గాలి పట్టినట్ల ఊదల్ల."

ఈరన్న బాగున్న ఎడమ చెంప బుంగలా ఊదాడు. రేజరు చెవి దగ్గర నుంచి దవడ దాకా ఒక్క గీతలో దిగింది. గిన్నెలో ముంచి, అంచుకు తట్టి, మళ్లీ. దవడ కిందికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఒకసారి ఆగింది. అతని చర్మం తెగకూడదని రేజరును గాల్లోకి ఎత్తిపట్టుకుంది. తర్వాత దాన్ని జాగ్రత్తగా గిన్నెలో పెట్టింది.

"ఒక నిమిషం ఈరన్నా. ఒక్క నిమిషం ఆగు."

మంచం అంచున, అతని ఎడమ చేతి పక్కన, దుప్పటి మీద తల ఆనించింది.

ఈరన్న ఆగాడు. కుడి చెంప మీద నురగ చిన్న చిన్న బుడగలుగా పగులుతోంది. ఆమె కొప్పు వదులై, నెరిసిన జుట్టు పాయ ఒకటి అతని వేళ్ల మీద పడింది. అతను వేళ్లు కదిపాడు. ఆమె కదల్లేదు. చేతిని ఆమె ముక్కు దగ్గరకు జరిపి అక్కడే ఉంచాడు. చాలాసేపు ఉంచాడు.

"పోదాం" అన్నాడు.

ఆ మాట వినడానికి హాల్లో ఎవరూ లేరు. తక్కిన మంచాల మీద వాళ్లు భోజనాలు చేసి నిద్రలో ఉన్నారు.

"పోదాం!" ఈసారి అరిచాడు. మంచం ఇనప కడ్డీని చేత్తో బాదాడు. "పోదాం! పోదాం!"

లోపలి గదిలో శివజ్యోతి ఒక ముసలామె జడ అల్లుతోంది. అరుపు విని, అబీదక్క ఉంది గదా ఆడ, అనుకుని మళ్లీ పాయలు తీసింది. ఆఫీసు గదిలో మోటారు మెకానిక్కుతో ఫోన్‌లో మాట్లాడుతున్న వెంకటేశ్వర్లు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి కేకేశాడు.

"అబీదమ్మా! ఈరన్నకు ఏం కావల్లనో సూడు!"

అరుపులు ఆగలేదు. గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు. మూడింటికి ఐదు నిమిషాల ముందు సుప్రజ వచ్చి, గేటు దగ్గర ఆటోను ఆపి, అబీదా బీ కోసం లోపలికి నడిచింది. అబీదా బీని పేరుపెట్టి పిలిచింది, భుజం పట్టుకుని కదిపింది, మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసింది. తర్వాత ఆమెను కింద పడుకోబెట్టి రెండు చేతులతో గుండె మీద నొక్కడం మొదలుపెట్టింది. వెంకటేశ్వర్లు పరుగెత్తుకొచ్చాడు. సుప్రజ అలిసిపోతే అతను నొక్కాడు. అంబులెన్సు వచ్చేదాకా ఇద్దరూ ఆపలేదు. వచ్చినవాళ్లు చూసి, అరగంట పైనే అయ్యుంటుందన్నారు.

ఈరన్న అప్పటికి అరవడం మానేశాడు.

నందికొట్కూరు నుంచి అబీదా బీ అక్క కొడుకు నిస్సార్ వచ్చాడు. పొద్దు గూకక ముందే ఆమెను తీసుకుపోయారు. వెంకటేశ్వర్లు గేటు దాకా వెళ్లి నిలబడ్డాడు. "నాకొక్క మాట సెప్పిండల్ల" అన్నాడు ఎవరినీ ఉద్దేశించకుండా. సుప్రజ అతని వైపు చూడలేదు.

ఆమె వంటసామాను గదిలోకి పోయి కూర్చుంది. పరిశోధన నుంచి ఎవరైనా మధ్యలో తప్పుకుంటే నింపే కాగితం ఒకటి ఉంది. కారణం అన్నచోట మూడు గడులు: ఇష్టం లేక, ఊరు మారి, ఇతరం. పెన్ను చాలాసేపు పట్టుకుని కూర్చుంది. ప్రొఫెసరు ఫోన్ చేశాడు. "పొద్దున క్లాసులో ఉన్నా, ఏంటి విషయం?" అన్నాడు. "పదింటికే తెలుసు సార్ నాకు" అంది సుప్రజ.

శుక్రవారం పొద్దున ఈరన్నను తిప్పడానికి శివజ్యోతి, ఇంకో మనిషి కలిసి పట్టారు. ఇద్దరికీ ఆయాసం వచ్చింది. అతను ఏ మాటా అనలేదు. నీళ్లు కావాలా అంటే పలకలేదు. సగం గీసిన గడ్డం చూసి శివజ్యోతికి ఏడుపొచ్చింది. మిగతా సగం గీద్దామని వంగితే ఈరన్న ఎడమ చేత్తో ఆమె చెయ్యి పక్కకు నెట్టాడు. రెండోసారి నెట్టాడు. మూడోసారి ఆమె ప్రయత్నించలేదు.

పక్కన స్టూలు మీద స్టీలు గిన్నె అట్లాగే ఉంది. నీళ్ల మీద నురగ విరిగిపోయి, రేజరు చుట్టూ తెల్లగా పేరుకున్న సబ్బులో నెరిసిన వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.