ఎర్ర తీగ, నల్ల తీగ

సువా సరస్సు ఒడ్డున నలభై ఏళ్ళు మ్యూజిక్ బాక్సులకు శ్రుతి సరిచేసిన కిసబురోకి, పక్కింటి తజుకో పేరు వింటేనే ఒళ్ళు మండేది. మొన్నమొన్న ఊళ్ళోని మ్యూజిక్ బాక్సుల క్లబ్బులో చేరిన మనిషి! చేత్తో పిడి తిప్పి చిల్లుల కాగితాన్ని లోపలికి నడిపిస్తే పాడే పెట్టెకి బొమ్మకారు మోటారు, రెండు బ్యాటరీలు, ఓ స్విచ్చు తగిలించిందో లేదో, ఊరంతా ఆవిడ జపమే.

"పిడి తిప్పడానిక్కూడా బద్ధకమే!" అని పళ్ళు నూరాడు.

క్లబ్బు ప్రదర్శన రోజు పొద్దున్నే, ఖాళీ హాల్లో, మోటారు ఎర్ర తీగనీ నల్ల తీగనీ ఊడదీసి తారుమారుగా కలిపేశాడు. ఇక మోటారు వెనక్కి తిరుగుతుంది, పాట తోక నుంచి తలకి నడుస్తుంది, ఆవిడ నవ్వులపాలవుతుంది.

అందరూ చేరాక తజుకో స్విచ్చు నొక్కింది. జోలపాట ఒక్క స్వరం తప్పకుండా సాగింది.

ఆవిడ తెల్లబోయింది. "నిన్న సాయంత్రం వెనక నుంచి పాడిందే! ఎందుకో తెలియక అలాగే వదిలేసి పోయా. పొద్దున వస్తే గుమ్మంలో మీ బూట్లు కనిపించాయి కిసబురో గారూ, పనికి అడ్డెందుకని వెళ్ళిపోయా. మీరా సరిచేసింది!"

హాలంతా చప్పట్లు. ఆవిడ నడుం వంచి దణ్ణం పెట్టింది.

కిసబురో అంతకన్నా కిందికి వంగాడు, మొహం ఎవరికీ కనపడకుండా.