కనకరత్నం సొరబుర్ర

మా లంకలో పిల్లలకి నడక రాగానే వీపుకి సొరబుర్ర కడతారు. ముదిరిన సొరకాయని ఇంటికప్పు మీద బాగా ఎండబెట్టి, పాత వల ముక్కలో చుట్టి, తాడుని చంకల కిందనుంచి తెచ్చి రొమ్ము మీద ముడి వేస్తారు. పిల్ల నీళ్లలో పడ్డా మునగదు. ఎవరో ఒకరు చూసి తీసేదాకా తేలుతూ ఉంటుంది. గడప దిగితే కొల్లేరే అయినచోట మరో దారి లేదు. పెద్దల ఎదుట మా రేవునుంచి అవతలి కిక్కిస గడ్డి దుబ్బుల దాకా ఈదిన రోజున ఆ బుర్ర విప్పేస్తారు. ఇంటింటికీ బెల్లం పంచుతారు.

మా పెద్దది కనకరత్నం పోయిన ఏడే ఈదేసింది. దానికి పదేళ్లు. బెల్లమూ పంచాం. బుర్ర మాత్రం నేను విప్పలేదు.

నేను పుట్టింది దెందులూరులో. మా నాన్న లంక వదిలిపోయి అక్కడ ఎండుచేపల కొట్టు పెట్టుకున్నాడు. అయిదో తరగతి దాకా చదివాను, నూతిలో నీళ్లు తోడాను, ఈత మాత్రం రాలేదు. "మా కోడలు పుస్తకం గడగడా చదువుద్ది, మోకాటిలోతు నీళ్లు చూస్తే దండం పెడుద్ది" అని మా అత్తగారు పెద్దింటమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

చిన్నవాడు చిన్నరాజు, దేశమంతా మొదటిసారి ఓట్లు వేసిన ఏడాది పుట్టాడు. వాడికి బుర్రంటే చేతులూ కాళ్లలాగే తనతో పుట్టిందే. ఒకరోజు అది విప్పి కోడిపెట్టకి కట్టి నీళ్లలోకి తోశాడు. పెట్ట తేలింది గానీ నాలుగు రోజులు గుడ్డు పెట్టలేదు.

ఎదిగే పిల్లలు రోజూ చూసేవాళ్లకి ఎదుగుతున్నట్టు కనబడరంటారు. నాకు పరికిణీ అంచుల్లో కనబడుతుంది. కనకరత్నం పరికిణీకి లోపలికి మడిచి కుట్టిన మడతలన్నీ విప్పేశాను. ఇంక విప్పడానికి ఏమీ లేదు.

ఈ ఏడు వానలకి కొల్లేరు నిండుగా వచ్చింది. బడి అవతలి ఊళ్లో. లంక పిల్లలందరినీ బాపిరాజు బాబాయి పడవలో తీసుకెళ్లి తీసుకొస్తాడు. ఒక సాయంత్రం కనకరత్నం పలక కింద పడేసి, "రేపటినుంచి బుర్ర కట్టుకోను" అంది.

"ఎందుకూ?"

"బళ్లో అందరూ బుర్రమ్మా బుర్రమ్మా అంటున్నారు. నాకంటే చిన్నవాళ్లు కూడా. మాస్టారు కూడా నవ్వారు."

"కార్తీకం దాకా కట్టుకో. నీళ్లు తగ్గాక చూద్దాం."

"పోయిన ఏడూ ఇదే చెప్పావు."

వల బాగుచేసుకుంటున్న మా ఆయన తల ఎత్తాడు. "పిల్ల చేపలా ఈదుతుంటే దానికి బుర్ర ఏంటే? రేపు పెళ్లిపీటల మీద కూడా కడతావా?"

"మీరు ఊరుకోండి. మీరు తెల్లారకుండానే వేటకి పోతారు. రేవులో నిలబడి చూసేది నేను."

"బుర్ర కడితే బడికే పోను" అంది కనకరత్నం.

అన్నంత పనీ చేసింది. రెండు రోజులు చాప మీదనుంచి లేవలేదు. పడవ రెండు రోజులూ అది లేకుండానే పోయింది. నాకు అయిదుతో ఆగిన చదువు దానికి ఎనిమిది దాకా అయినా సాగాలని నా ఆశ. ఆ సంగతి దానికి తెలుసు. అయినా బుర్ర లేకుండా వెళ్లమనడానికి నా నోరు రాలేదు.

మూడో రోజు పొద్దున్న తనంతట తనే బుర్ర వీపుకి ఆనించుకుని వచ్చి నిలబడింది. "కట్టమ్మా" అంది.

నాకెంత గర్వమో! రేవునుంచి వస్తూనే, "చూశారా అత్తయ్యా, మెల్లగా చెబితే పిల్లలు వింటారండీ" అన్నాను. ఆవిడ పొగాకు నములుతూ "ఊఁ" అంది, అంతే.

నెల గడిచింది. రోజూ తనే బుర్ర వీపుకి ఆనించుకుని వచ్చేది, నేను ముడి వేసేదాన్ని. లోపల గలగలమంటే ఎండిన గింజలనుకున్నాను. ఒక ఆదివారం తాడు మారుద్దామని బుర్ర చేతిలోకి తీసుకున్నాను. జలజలమని చింతపిక్కలు కింద పడ్డాయి. వెనకాల బలపం ముక్కలు, ఒక పాలపిట్ట ఈక. తిప్పి చూస్తే, వీపుకి ఆనే వైపు నా అరచెయ్యంత కన్నం.

నెలరోజులుగా ఆ కన్నాన్ని కట్టి, హాయిగా ఇంట్లోకి వచ్చి వంట చేసుకున్నాను.

"ఇదెప్పుడు పగిలింది?"

"బడికి పోనని పడుకున్నానే, అప్పుడు. కోపమొచ్చి రాటకేసి కొట్టాను."

"మరి ఎందుకు కట్టించుకుంటున్నావే రోజూ?"

అది తమ్ముడి వైపు చూసింది, నేల వైపు చూసింది. "కడితే నువ్వు ఇంట్లోకి పోతావు. బడి మానకముందు ఒకరోజు బుర్ర మర్చిపోయి పడవెక్కేశాను కదా, సాయంత్రం దాకా నువ్వు రేవులోనే ఉన్నావట. అన్నం కూడా తినలేదట. నాయనమ్మ చెప్పింది."

"మరి బుర్రమ్మ అంటారుగా?"

"అంటారు. అననీ. ఆటలో పిక్కలన్నీ నేనే గెలుస్తున్నాను. దాచుకోవద్దా?"

"మీకు తెలుసా అత్తయ్యా?" అన్నాను.

"దాని వీపున గలగలమంటుంటే వినబడకపోవడానికి నాకేం చెవుడా?" అంది అత్తగారు.

కింద పడ్డ పిక్కలు ఏరుతూ చాలాసేపు కూర్చున్నాను. నేను ముడి వేస్తూ "కదలకే, ఊపిరి బిగపట్టకే" అంటుంటే అది ఎంత ఓపికగా నిలబడేదో గుర్తొచ్చింది. చిన్నరాజు చెప్పిన కథే పదిసార్లు చెబుతుంటే నేను కూడా అలాగే నిలబడి వింటాను, వాడి మనసు కష్టపెట్టకూడదని.

కప్పు మీద ఇంకో బుర్ర ఎండి సిద్ధంగా ఉంది. నా చెయ్యి రెండుసార్లు దాని మీదికి పోయింది.

సోమవారం పొద్దున్న రేవులో కనకరత్నం అలవాటుగా వీపు తిప్పి చేతులు పైకెత్తింది. నేను దాని జడ రిబ్బను విప్పి, మళ్లీ గట్టిగా ముడి వేశాను.

"బుర్రేదీ?"

"లేదు. ఎక్కు."

అది వెనక్కి తిరిగి నా మొహం చూసింది. "మరి నువ్వో?"

"నాకేం? పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చాను. పోవాలి."

"ఏమ్మా, ఇవాళ మా పడవ తేలికైందే!" అన్నాడు బాపిరాజు బాబాయి గెడ వేస్తూ. పిల్లలందరూ నవ్వారు, కనకరత్నం అందరికంటే గట్టిగా.

పడవ కిక్కిస దుబ్బుల దగ్గరికి పోయేలోపల అది రెండుసార్లు వెనక్కి చూసింది, నేను వెళ్లానా లేదా అని. మూడోసారి చూసేలోగా ఇంట్లోకి వచ్చేశాను. ఎసరు పెట్టడం కాదు, ఇంకా పొయ్యే వెలిగించలేదు.