మంగ్లీ రికార్డింగ్

"మంగ్లీని తీసెయ్యమ్మా" అని గైడు మహీధర్ సారు ఫోన్లో అన్నప్పుడు కవిత బాత్‌రూంలో కూర్చుని భర్త చొక్కా కాలరు రుద్దుతోంది. సారు చెడ్డవాడేం కాదు, ఉన్నమాటే చెప్పాడు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి తండాల్లో తిరిగి కవిత రికార్డు చేసిన మాటలన్నీ ఇస్తే, అవ్వల లంబాడీకీ మనవరాళ్ల లంబాడీకీ ఎంత తేడా వచ్చిందో, ఏ మాట పోయి ఏ తెలుగు మాట వచ్చి కూర్చుందో కంప్యూటర్ లెక్కగట్టి చూపిస్తుంది. ఆమె పీహెచ్‌డీ అంతా అదే. మరీ తక్కువ మాట్లాడినవాళ్లుంటే లెక్క తప్పుతుంది కాబట్టి వాళ్లను తీసెయ్యాలి. మంగ్లీ దగ్గర ఊఁ, ఆఁ తప్ప ఏముంది? కవిత సరే సార్ అంది. మంగ్లీ తన అత్తగారని మాత్రం చెప్పలేదు.

ఆ రికార్డింగ్ తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. చిట్యాల దగ్గరి ఆ తండా ఇంట్లో మామ తావుర్యా ముందు కోడలు నోరు విప్పకూడదు. అందుకని ముసుగేసుకుని మూలన కూర్చుని, అడగాల్సినవన్నీ భర్త ప్రకాశ్ చెవిలో వేసింది. ప్రకాశ్ తల్లిని అడిగాడు. మంచమ్మీద కూర్చున్న తండ్రి జవాబు చెప్పాడు. పెళ్లినాడు పుట్టింటిని వదిలేటప్పుడు ఏమని పాడుతూ ఏడ్చినవని అడిగితే, మంగ్లీ ఏమని ఏడ్చిందో కూడా ఆయనే చెప్పాడు. మూడు జిల్లాల మాటలు మూటగట్టుకొచ్చిన మనిషి సొంత అత్త నోట ఒక్క ముక్క రాబట్టలేకపోయింది, ఏం చదువో ఏమో! ఇప్పుడా గొంతులో గడ్డ లేచింది. వచ్చే వారమే ఆపరేషన్. మాట ఉంటుందో పోతుందో చెప్పలేమన్నారు దవాఖానలో.

ఈలోపే మీ అమ్మ మాట మళ్లీ రికార్డు చేసుకొస్తానని అన్నం వడ్డిస్తూ అంటే ప్రకాశ్ కంచంలోంచి తలెత్తలేదు.

"ఆపరేషన్ ముంగట యాడిని పరేషాన్ చేస్తవా? అయినా ఆ మాటలు ఎవలికి పనికొస్తయి? నువ్వే బిడ్డతోని తెలుగుల మాట్లాడుతవు."

కొత్తగా కాపురానికొచ్చినప్పుడు, కిరాయింటి ఓనర్లు వింటే చులకనైపోతాం, ఇంట్లో తండా మాట వద్దన్నది ఈయనే. ఆమె నోరు మార్చుకుంది. ఇప్పుడు బిడ్డకు ఇంటి భాష రాకపోవడం తల్లి తప్పయింది. ఇట్లాంటి మార్పులకు కారణాలేమిటని థీసిస్‌లో పెద్ద అధ్యాయమే రాసింది కవిత. చదువు అని రాసింది, పట్నం అని రాసింది, ఉద్యోగం అని రాసింది. మొగుడు అని రాయలేదు.

మర్నాడు వంట చేసిపెట్టి, బిడ్డను బడికి పంపి, ఒక్కతే బస్సెక్కింది. తండాకు చేరేసరికి మంగ్లీ గడప దగ్గర కందులు చెరుగుతోంది. తావుర్యా మంచమ్మీదే ఉన్నాడు. కొడుకు రాలేదేమని కోడల్ని కాదు, భార్యను అడిగాడు. మంగ్లీ బిక్కమొహం వేసింది. కవిత ముసుగు పైకి లాగి, ఆయన మొహంలోకే చూసింది.

"మామా, జర బయట కూసో. అత్తమ్మతోని మాట్లాడేదున్నది."

పెళ్లయిన నాటినుంచి ఆయనతో ఆమె అన్న మొదటి మాట అది. ముసలాయన, తప్పంతా భార్యదే అన్నట్టు మంగ్లీని ఉరిమి చూశాడు. దానికేం ఎరుకని అడుగుతున్నరని గొణుగుతూ కర్ర పట్టుకుని లేచిపోయాడు.

కవిత ఫోన్లో రికార్డింగ్ పెట్టి, నీకేది తోస్తే అది చెప్పమంది. మంగ్లీ చేట పక్కన పెట్టింది. వాకిలి వైపు చూసింది. నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. కవితకు ఏడుపొచ్చింది. గొంతు నొస్తుందా అని అడిగింది.

"నొస్తలేదు బిడ్డా. ఏం చెప్పాల్నో తెలుస్తలేదు. ముందుగాల నువ్వు చెప్పు. నిన్ను గుడ ఎవ్వలు అడగలే గద."

కవిత నవ్వబోయింది, నవ్వు రాలేదు. అంతవరకూ తనలో తాను కూడా అనుకోని మాట నోట్లోంచి వచ్చింది.

"నాకు మళ్ల ఆ ఇంటికి పోబుద్ధైతలేదు అత్తమ్మా."

మంగ్లీ ఆమె చెయ్యి పట్టుకుంది. అప్పుడు మొదలుపెట్టింది.

"నాక్కూడ ఈ ఇంట్ల ఎన్నడు ఉండబుద్ధి గాలే బిడ్డా."